సూరి ఎటు చూశాడు

మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ పేలడం ఆగింది. గిన్నెలో పోసి, కరిగిన నెయ్యి ఓ చెంచాడు వేసి, పైన కందిపొడి చల్లి కలిపేసరికి ఘాటు ముక్కుకెక్కి తుమ్మొచ్చింది. ఆ తుమ్ముతోపాటే రాజ్యం ఆంటీ గుర్తొచ్చారు. పాప్‌కార్న్ మీద కందిపొడి చల్లుకుని తినే మనిషిని ఆవిడ తర్వాత ఇంకెక్కడా చూడలేదు, మా ఇంట్లో తప్ప. హాల్లో మా అమ్మాయి మేఘన సోఫాలో కాళ్ళు ముడుచుకుని మూడు భాగాలుగా వచ్చిన ఒక సినిమాలో రెండోది చూస్తోంది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "అమ్మా, ఈజ్ హీ బ్యాడ్ నౌ?" అని అక్కణ్ణుంచే కేకేసింది. "ఇంకా కాలేదు" అన్నాను. "దెన్ వెన్?" అంది. ఎప్పుడు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని నెలల తరబడి నన్ను టీవీ ముందు కూర్చోబెట్టిన మనిషి రాజ్యం ఆంటీ. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను కరీంనగర్ నుంచి సిడ్నీకి చదువుకోవడానికి వచ్చినప్పుడు హారిస్ పార్క్‌లో ఆవిడ ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. పేరు డాక్టర్ రాజ్యలక్ష్మి, తెనాలి వైపు మనిషి. భర్త పోయి చాలాకాలమైంది, ఒక్కతే కూతురు పెర్త్‌లో పియారా వాటర్స్‌లో ఉండేది. ఆంటీ పాథాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. అంటే రోగి మొహం చూడకుండా, ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి జబ్బేమిటో చెప్పే డాక్టరన్నమాట. గది చూడ్డానికి వెళ్ళిన రోజు వంటొచ్చా, సిగరెట్లు కాలుస్తావా అని అడుగుతారేమో అనుకున్నాను. ఆవిడ కళ్ళద్దాల మీదుగా చూసి, "సినిమాలు చూస్తావా?" అన్నారు. "పిచ్చి ఆంటీ, మస్తు చూస్త" అన్నాను. "అయితే సామాను తెచ్చుకో. సినిమాలు చూడనివాళ్ళతో నాకు పొద్దుపోదు" అన్నారు. ఆ పూటే అర్థమైంది, ఈవిడతో మనకు కుదురుతుందని. ఆ ఇంట్లో రిమోటు మాత్రం ఇంకెవరి చేతికీ ఇవ్వరని తర్వాత తెలిసింది.

అప్పటికి ఆ సినిమా రెండు భాగాలు వచ్చి ఉన్నాయి. చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో కథ చెబుతాను. సూరి అని ఓ పడవవాడు. పడవ నడుపుతాడు గానీ ఈత రాదు. వాడి చిన్ననాటి స్నేహితుడు భద్రికి రోజూ అదే వేళాకోళం. వరదొస్తే అదే సూరి ప్రాణాలకు తెగించి ఊరినంతా ఒడ్డుకు చేరుస్తాడు. మొదటి భాగం చూసి కళ్ళు తుడుచుకోకుండా బయటికి వచ్చినవాళ్ళు ఉండరు. రెండో భాగంలో వాడే సేనాధిపతి సూర్యసేనుడవుతాడు. శత్రువులు ఇంటికి నిప్పు పెడితే భార్య అందులో పోతుంది. అంతే, వాడు ఏ పాపం ఎరగని ఓ ఊరిని పిల్లాజెల్లాతో సహా తగలబెట్టిస్తాడు. దేవుడిలాంటి మనిషి దయ్యమైపోతాడు. నమ్మేలా ఉందా లేదా అని మా యూనివర్సిటీలో, బస్సుల్లో, మిఠాయి కొట్ల ముందు జనం కొట్టుకు చచ్చేవారు.

నేను నమ్మేలా ఉందనే జట్టు. "పెండ్లాన్ని కాల్చి చంపితే ఎవడన్న మనిషిలెక్క ఉంటడా ఆంటీ? నేనైనా గట్లనే అయిత" అన్నాను ఓసారి. ఆంటీకి ఒళ్ళు మండింది. "భార్యలు పోయినవాళ్ళు లోకంలో ఎంతమంది లేరు! అందరూ ఊళ్ళు తగలబెట్టారా? మీ అంకుల్ పోయినప్పుడు నేనెవరి ఇంటికి నిప్పు పెట్టానే?" అన్నారు. ఆవిడే కాస్త నెమ్మదించి, "ఆ మంట వట్టి సాకు. జబ్బు అంతకు ముందే ఉంది. సినిమా తీసినవాడికి తెలుసో లేదో గానీ ఎక్కడో చూపించే ఉంటాడు, వెతకాలి" అన్నారు. ఎట్లా వెతకాలో కూడా చెప్పారు. గడ్డ నడిమధ్యలో ముక్క చూస్తే అంతా జబ్బే కనిపిస్తుందట, దాన్నిబట్టి పెద్దగా తెలిసేదేమీ లేదట. మంచి కండా చెడ్డ కండా కలిసే అంచు చూడాలట. "అసలు సంగతి అంచు చెబుతుందే పిల్లా. అక్కడ రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి ఒకలాగే ఉంటాయి" అన్నారు.

అట్లా మేము సినిమాను తలకిందులుగా చూడ్డం మొదలుపెట్టాం. ఊరు తగలబడే సీను నుంచి వెనక్కి, ఒక్కో సీనూ, ఆదివారం మధ్యాహ్నాలు. ప్రతి సీను చివరా ఆపి, "ఇక్కడ వీడు మంచివాడేనా?" అని అడిగేవారు. నేను ఏదో ఒకటి అనేదాన్ని, ఆవిడ కాదనేవారు. నిజం చెప్పాలంటే మొదట్లో విసుగొచ్చేది. ఫ్రెండ్సంతా బార్బీ అంటూ పార్కుల్లో మాంసం కాల్చుకు తినడానికి పోతుంటే నేను ఈ ముసలావిడతో కూర్చుని ఒకే సీను నాలుగుసార్లు చూడ్డమేమిటి అనిపించేది. కానీ రానురానూ నాకూ ఆ పురుగు కుట్టింది. బస్సులో కూర్చుని కూడా అదే ఆలోచన. మంచితనం మనిషిలోంచి వెళ్ళిపోయేటప్పుడు చప్పుడు చేస్తుందా? చూసేవాళ్ళకు తెలుస్తుందా? పోనీ, పోయేవాడికైనా తెలుస్తుందా?

ఓ ఆదివారం విందు సీను దగ్గరికి వచ్చాం. సేనాధిపతి అయిన కొత్తలో గుడారంలో సైనికులతో కలిసి భోజనం చేస్తుంటాడు. భద్రి లేచి నిలబడి, "మన సేనాధిపతిగారు ఏనుగెక్కుతారు, గుర్రమెక్కుతారు, నీళ్ళు మోకాలు దాటితే మాత్రం నా భుజమెక్కుతారు!" అంటాడు. గుడారమంతా గొల్లున నవ్వుతుంది. సూరి కూడా నవ్వుతాడు. ఆంటీ చటుక్కున ఆపేశారు. "చూశావా?" అన్నారు. "ఏంది ఆంటీ చూసేది? నవ్విండు గదా, మంచిగనే ఉన్నడు" అన్నాను. "నవ్వాడు. నవ్వే ముందు ఎటు చూశాడు?" అన్నారు. వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. అప్పుడు కనిపించింది. భద్రి మాట పూర్తవగానే సూరి కళ్ళు గిర్రున ఓసారి గుడారం చుట్టూ తిరిగొస్తాయి, ఎవరెవరు నవ్వుతున్నారో చూసుకోవడానికి. తర్వాతే నవ్వు. రెప్పపాటు కూడా ఉండదు. "మొదటి భాగంలో పడవలో ఇదే జోక్ వేస్తే భద్రి మొహం చూసి నవ్వాడు. ఇక్కడ జనం మొహాలు చూసి నవ్వాడు. ఇదేనే అంచు" అన్నారు ఆంటీ. ఆ తర్వాత రెండు సీన్లకే భద్రికి సరిహద్దు కోట అప్పజెప్పి పంపించేస్తాడు. మేమంతా థియేటర్లో ఈలలు వేశాం, స్నేహితుడికి ఎంత పదవిచ్చాడో అని! అయినా ఊరుకుంటానా, "ఎడిటర్ చూసుకోక వదిలేసిండేమో ఆంటీ, మీరు ఉన్నదీ లేనిదీ జూస్తున్నరు" అన్నాను. "అయితే ఆ ఎడిటర్ కడుపు చల్లగుండ" అన్నారు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే.

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. తెర మీద "బుజ్జి" అని పడింది. ఆ పేరుతో ఫోన్ రావడం, ఆంటీ దాన్ని మోగనివ్వడం నాకు అలవాటైన సంగతే. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాను. "ఎవరు ఆంటీ గా బుజ్జి? పాపం ఎన్నిసార్లు చేస్తరు!" అన్నాను. ఫోన్ మోగడం ఆగేదాకా చూసి ఆవిడ రిమోటు ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత, "మా తమ్ముడే" అన్నారు.

తల్లి మంచాన పడితే ఆంటీయే పెంచి పెద్దచేసిన తమ్ముడు. లా చదివాడు. కొత్తలో కౌలు రైతుల కేసులు ఫీజు తీసుకోకుండా వాదించేవాడట. ఊళ్ళో అందరికీ మా బుజ్జిబాబు, మా బుజ్జిబాబు. ఆ తర్వాత పెద్దవాడయ్యాడు, చుట్టూ మనుషులు చేరారు. అక్కాతమ్ముళ్ళిద్దరికీ చిన్నప్పుడు డబ్బు తీసుకోకుండా లెక్కలు చెప్పిన మాస్టారి పెంకుటిల్లు తను కట్టబోయే కల్యాణ మంటపానికి అడ్డొచ్చింది. మాస్టారు అమ్మనన్నారు. ఏవో పాత కాగితాలు బయటికొచ్చాయి, ఓ పొద్దున్నే మనుషులొచ్చి గోడ పడగొట్టారు. మాస్టారు ట్రంకు పెట్టె పట్టుకుని విజయవాడలో కూతురింటికి వెళ్ళిపోయారు. "కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయక్కా అన్నాడే. ఆ మాట విన్నాక ఫోన్ పెట్టేశాను, మళ్ళీ ఎత్తలేదు" అన్నారు ఆంటీ. ఇప్పుడు ఆ తమ్ముడి కూతురు హారిక సిడ్నీలోనే యూనివర్సిటీలో చదువు ముగిస్తోంది. ఆ పిల్ల గ్రాడ్యుయేషన్‌కి వస్తున్నాడు. ఒక్కపూట అక్క చేతి అన్నం తినిపొమ్మంటే చాలని మేనకోడలితో కబురు పంపాడు. "గడప తొక్కనివ్వాలో వద్దో తెలియడం లేదే. వద్దంటే ఈ జన్మకు మళ్ళీ చూస్తానో లేదో. రమ్మంటే మాస్టారి మొహం ఎలా చూడను?" అన్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

కాసేపటికి ఆవిడే చెప్పారు. "ఆ చూపు నేను ఇంతకు ముందు చూశానే సంధ్యా. అందుకే దొరికింది." తమ్ముడి గృహప్రవేశంలో, పెద్దపెద్దవాళ్ళు కూర్చున్న పందిట్లో, ఆంటీ వాడి చిన్నప్పటి సగం గుండు కథ చెప్పారట. తిరుపతి మొక్కుబడికని కాదు, పేలు పడ్డాయని మంగలిని పిలిపిస్తే సగం గీసేసరికి కత్తికి భయపడి పారిపోయి, పెరట్లో జామచెట్టెక్కి సాయంత్రం దాకా దిగలేదట. అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు, పందిరంతా ఓసారి కలయజూసి. "నేను చూశాను. చూసి కూడా, ఎంత పెద్దమనిషయ్యాడో మా బుజ్జి అని మురిసిపోయాను. ఇక నలుగురిలో వాణ్ణి ఏడిపించకూడదనుకున్నాను. అది మర్యాదనుకున్నాను చూడు! మాస్టారు ఒక్కరే మానలేదు, కనబడితే చాలు, ఏరా సగం గుండూ అనేవారు" అన్నారు.

ఆ నెలలోనే మూడో భాగం వచ్చింది. పారమట్టా థియేటర్లో మొదటి రోజు చూశాం. మనవాళ్ళు కాగితాలు చించి ఎగరేస్తుంటే అక్కడ పనిచేసే కుర్రాడు టార్చిలైటు వేసి బతిమాలుకున్నాడు. ఆంటీ ఇవేవీ పట్టించుకోలేదు, ముందుకు వంగి కూర్చున్నారు. ఆవిడ దేనికోసం చూస్తున్నారో నాకొక్కదానికే తెలుసు. వాడు వెనక్కి వస్తాడా? వస్తే ఎట్లా వస్తాడు? సినిమాలో సూర్యసేనుడు చివరి నిమిషంలో, ఆ మంటల్లోంచి బతికి బయటపడ్డ కూతురికి తగలాల్సిన బాణానికి అడ్డుపడి, ఏడ్చి, చచ్చిపోతాడు. హాలంతా ముక్కులు చీదుకుంది, నాతో సహా. బయటికి వచ్చాక ఆంటీ శాలువా సర్దుకుంటూ, "చెడిపోవడం బాగా తీశాడు. బాగుపడటం తీయడం చేతకాలేదు వాడికి" అన్నారు. "గంతమంది ఏడ్చిన్రు, మీకేమో నచ్చలే!" అన్నాను ఉక్రోషంగా. "ఏడవనీ. చచ్చిపోవడం తేలికే. వాడు బతికుండి ఆ తగలబెట్టిన ఊరికి వెళ్ళి నిలబడితే అప్పుడు చూస్తాను సినిమా" అన్నారు. స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీద, "రమ్మంటాను. అన్నం పెడతాను. ముక్క తీయకుండా జబ్బు తేల్చకూడదు" అన్నారు. ఆవిడ ఏం చేయబోతున్నారో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి తమ్ముడు వచ్చారు. తెల్లటి జుట్టు, మడత నలగని చొక్కా, అక్క కాళ్ళకు దండం పెట్టబోతే ఆంటీ వెనక్కి జరిగారు. హారిక, దాని స్నేహితులు ఇద్దరు ముగ్గురు, నేను. వెనక వసారాలో బల్ల వేశాం. ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, చల్లమిరపకాయలు. అన్నీ తమ్ముడికి ఇష్టమైనవేనని వండేటప్పుడు ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన హైదరాబాదు ట్రాఫిక్ గురించి, ఇక్కడి రోడ్ల గురించి పెద్దమనిషి తరహాలో మాట్లాడుతుంటే పిల్లలు తలలూపుతున్నారు. ఆంటీ నెయ్యి వడ్డిస్తూ వడ్డిస్తూ, "హారికా, మీ నాన్న సగం గుండు కథ నీకు తెలుసా?" అన్నారు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ మొత్తం చెప్పారు. కత్తి, పరుగు, జామచెట్టు, కింద నిలబడి బెల్లం ముక్క చూపించి తను దింపుకోవడం, అన్నీ. పిల్లలు పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు, ఆయన కళ్ళే చూస్తున్నాను. ఆ కళ్ళు బల్ల చుట్టూ తిరిగాయి. హారిక మొహం, స్నేహితుల మొహాలు, నా మొహం. తర్వాత నవ్వారు. అయిపోయింది అనుకున్నాను. ఆంటీ కూడా చూశారు. గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళబోయారు.

"నువ్వు కాదక్కా" అన్నారాయన వెనకనుంచి. ఆంటీ ఆగారు. "నీ బెల్లం ముక్కకు నేను దిగలేదు. నువ్వు విసుగొచ్చి లోపలికెళ్ళిపోయావు. నిచ్చెన తెచ్చి దింపింది మాస్టారు. మిగతా సగం కూడా ఆయనే గీశారు, వాళ్ళింటి అరుగు మీద కూర్చోబెట్టి." ఆ అరుగు ఏ ఇంటిదో ఆ బల్ల దగ్గర తెలిసింది ముగ్గురికే. ఆయన మెతుకులు కెలుకుతూ ఉండిపోయారు. పిల్లలకు ఏమీ అర్థం కాక నవ్వు ఆపేశారు. ఆంటీ తిరిగొచ్చి తమ్ముడి కంచంలో మజ్జిగ పోశారు. "మాస్టారు విజయవాడలో ఉన్నారు. ఇంకా బతికే ఉన్నారు" అన్నారు. "ఏ మొహం పెట్టుకుని వెళ్ళనక్కా?" అన్నారాయన. "ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళరా" అన్నారు ఆంటీ. ఆ "రా" విని ఆయన తలెత్తారు. అన్నేళ్ళ తర్వాత అక్క నోట విన్న మొదటి "రా" అది.

వాళ్ళు వెళ్ళాక గిన్నెలు తోముతూ ఉండబట్టలేక అడిగాను. "చూసిండు గదా ఆంటీ, అందర్నీ చూసినంకనే నవ్విండు." "చూశాడే, నేను కాదన్నానా? మరి మాస్టారి మాట ఎవరి మొహం చూసి చెప్పాడు?" అన్నారు. తలుచుకుంటే, నిజమే, ఆ మాట అన్నంతసేపూ ఆయన అక్క వైపు తప్ప ఇంకెటూ చూడలేదు. "మంచి కండ ఉంది ఇంకా. ఎంతుందో తెలీదు, ఉంది" అన్నారు ఆంటీ. చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "అన్నం బాగా తిన్నాడు వెధవ" అన్నారు. తర్వాత ఫోన్ మోగితే ఎత్తడం మొదలుపెట్టారు. చాన్నాళ్ళకు ఓసారి ఆవిడంతట ఆవిడే, "వెళ్ళాడట. మాస్టారు తలుపు తీశారట. ఆపైన నేనూ అడగలేదు, నువ్వూ అడక్కు" అన్నారు. నాకు అడగాలనే ఉండేది, ఇప్పటికీ ఉంది. లోపలికి వెళ్ళాక ఏం మాట్లాడుకున్నారు? ఏరా సగం గుండూ అన్నారా మాస్టారు? తెలియదు. ఆంటీ తర్వాత పెర్త్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. పోయిన చలికాలం అక్కడే కన్నుమూశారు. ఆ కబురు విని నేను చిన్నపిల్లలా ఏడ్చాను.

ఇప్పుడు నా కింద ఓ టీమ్ పనిచేస్తుంది. నాకు కారు రివర్స్ చేయడం రాదని మా ఆఫీసులో అందరికీ తెలుసు. జోయెల్ అనే కుర్రాడు మీటింగుల్లో పెద్దబాసుల ముందే దాని మీద జోకులేస్తాడు. వేసిన ప్రతిసారీ నా కళ్ళు ఎటు వెళుతున్నాయో నేను కాపలా కాస్తాను. ఓసారి నిజంగానే బల్ల చివరికి, బాసు మొహం మీదికి వెళ్ళబోయాయి. చటుక్కున పట్టి లాక్కొచ్చి జోయెల్ మొహం మీద పెట్టి, "ఒరేయ్, ముందు నీ బుర్రను రివర్స్ చేయరా" అన్నాను తెలుగులోనే. వాడికి అర్థం కాలేదు గానీ నవ్వాడు. ఆ నెల వాణ్ణి మెల్‌బోర్న్ ఆఫీసుకు ప్రమోషన్ మీద పంపిద్దామా అని పైనుంచి అడిగారు. వెళ్ళాలనుందా అని ముందు వాణ్ణే అడిగాను. లేదన్నాడు. ఉండనిచ్చాను.

పాప్‌కార్న్ గిన్నె తీసుకుని హాల్లోకి వచ్చి మేఘన పక్కన కూర్చున్నాను. తెర మీద గుడారం, కాగడాలు, విందు. నేనేమీ చెప్పలేదు. భద్రి లేచాడు, ఏనుగెక్కుతారు, గుర్రమెక్కుతారు అన్నాడు. గొల్లున నవ్వులు. మేఘన కూడా కిలకిలా నవ్వి, అంతలోనే నవ్వాపేసి సోఫా మీది రిమోటు అందుకుని బొమ్మ ఆపేసింది. "అమ్మా, వెయిట్. వై డిడ్ హీ లుక్ అరౌండ్ ఫస్ట్?" అంది. నేను గిన్నె కింద పెట్టేశాను. ఎవరూ చెప్పకుండానే దానికి దొరికింది చూడండి! "నువ్వే చెప్పు" అన్నాను. అది మొదటిసారి తెలుగులో, ముక్కలు ముక్కలుగా అడిగింది. "భద్రి... మళ్ళీ ఆ జోక్ చెప్తాడా?"

"చెప్పాలి నాన్నా" అన్నాను. "చెబుతూనే ఉండాలి."